కెరటం లేని నీళ్ళ మీద వాంతులు

కొత్తగా బోటు పనిలో చేరిన కుర్రాళ్ళు నన్ను చూడగానే తుఫాను కథ చెప్పమంటారు. నేనూ కాదనను. గొంతు సవరించుకుని, కొబ్బరిచెట్టంత కెరటం లేచిన రోజు గురించి మొదలుపెడతాను. చెప్పిన ప్రతిసారీ ఆ కెరటం ఇంకో మూర పెరుగుతూ వచ్చి, ఈ మధ్య మా దీవిలో హోప్ టౌన్ వెనకున్న కొండని కూడా దాటేసింది. దేవుడు ఇంకొన్నాళ్ళు ఆయుష్షిస్తే దాన్ని మద్రాసు దాకా లాక్కెళ్ళగలను.

ఈ కథలో అంత కెరటం లేదు. ఒక చిన్న గాలివాన ఉంది, అది కూడా మధ్యలో వచ్చి పోతుంది. నా ఉద్యోగంలో నిజంగా నా కాళ్ళు వణికిన క్షణాన నీళ్ళు పళ్ళెంలో పోసిన పాయసంలా కదలకుండా ఉన్నాయి. వణికించింది ఒక ఐదో క్లాసు పిల్ల. రేపు మీ బోటు మీద కూడా పిల్లలు ఎక్కుతారు కాబట్టి ఇది రాసి పెడుతున్నాను, చదవండి.

నేను లస్కరుని. బోటు జెట్టీకి చేరగానే తాడు వేసి కట్టేవాడిని, కదిలేటప్పుడు విప్పేవాడిని. మధ్యలో గేటు గొలుసు, లైఫ్ జాకెట్లు, జనాన్ని లోపలికి జరపడం, మేకలు ఎక్కితే మేకల్ని కూడా జరపడం, అన్నీ నావే. మోకాలు నాకన్నా ముందే రిటైరవడంతో దాని వెనకే నేనూ స్వచ్ఛందంగా బయటికొచ్చేశాను. అంతకుముందు ఎన్నో ఏళ్ళు హోప్ టౌన్‌కీ పోర్టుబ్లెయిర్‌కీ మధ్య జనాన్ని రేవు దాటించాను. పోర్టుబ్లెయిర్ పేరు ఇప్పుడు మారింది గానీ నా నాలుకకి ఆ గెజిట్ ఇంకా అందలేదు.

పొద్దుటి ట్రిప్పంతా స్కూలు పిల్లలే. హోప్ టౌన్ చేపల వాళ్ళ పిల్లలు టౌన్లో ఇంగ్లీషు మీడియానికి పోయేవాళ్ళు. బోటు పైడెక్కు వాళ్ళ సొంత రాజ్యం. అక్కడ వాళ్ళకో ఆట ఉండేది. ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని పందెం కాస్తాను. బోటు జెట్టీ దగ్గరికి రాగానే అందరూ రెయిలింగు లోపల, బల్లల మధ్య, ఒంటికాలి మీద నిలబడతారు. బోటు వచ్చి జెట్టీకి వేలాడదీసిన టైర్లని గుద్దుకుంటుంది కదా, ఆ కుదుపుకి రెండో కాలు కింద పెట్టినవాడు ఓడినట్టు. దాని పేరు లంగ్డీ జెట్టీ, అంటే కుంటి జెట్టీ. అందరూ పడిపోతే పిల్లలు పైనుంచి "సారంగ్ అంకుల్ ఫెయిల్!" అని అరుస్తారు. ఎవరూ పడకపోతే చప్పట్లు.

సారంగు అంటే మా బోటుకి కెప్టెన్. ఆయన మీసాలు చూసి లైట్‌హౌసు దీపమే ఓ క్షణం తటపటాయించేది. పెద్దాఫీసర్లు బోటెక్కినా లేచి నిలబడని ఆ మనిషి, ఈ చప్పట్ల కోసం బోటుని కోడిగుడ్డు దింపినట్టు దింపేవాడు. పిల్లలు మాత్రం తక్కువవాళ్ళా? పోటు నీళ్ళా, ఆటు నీళ్ళా, గాలి ఏ వైపు, జనం ఏ పక్క ఎక్కువ కూర్చున్నారు, ఇవన్నీ లెక్కేసి ఏ కాలి మీద నిలబడాలో ముందే తేల్చుకునేవాళ్ళు. అందులో ఒక సన్నటి పిల్ల, రెండు జడలు, ముందు పన్ను సగమే వచ్చింది. సారంగు ఎప్పుడైనా గురి తప్పి గట్టిగా గుద్దినా ఆ పిల్ల మాత్రం పడేది కాదు. "వో లడ్కీ నహీ, బొల్లార్డ్ హై" అనేవాడు. అది పిల్ల కాదు, తాళ్ళు కట్టే ఇనప దిమ్మ అని అర్థం. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

అప్పుడు టీచరమ్మ వచ్చింది.

రావడం అంటే, ఆవిడ రోజూ అదే బోటులో వచ్చేది. పోర్టుబ్లెయిర్ డాలీగంజ్‌లో పుట్టి హోప్ టౌన్ కోడలయింది. తెలుగు చర్చిలో ఆవిడ పాడితే వెనక బెంచీల్లో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి ఆమెన్ అనేవాళ్ళు. పిల్లలు చదివే స్కూల్లోనే లెక్కల టీచరు. ఆ ఏడు ఐదో క్లాసు పిల్లలకి హాస్టల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఉంది. సీటొస్తే పన్నెండు దాకా చదువు, తిండి, బట్ట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. టీచరమ్మ నాతో ఒకరోజు అంది: "చూడండి అన్నయ్యా, టౌన్ పిల్లలు పొద్దున్నే ట్యూషన్‌కి పోతారు. మన పిల్లలకి ఆ టైమంతా బోటు తినేస్తోంది. ఆ బోటు టైమే మనం తిరిగి లాక్కోవాలి."

మాటలో తప్పేముంది? హోప్ టౌన్ తల్లులందరూ చేతులు జోడించారు. మర్నాటి నుంచి పైడెక్కు మీద ఐదో క్లాసు మొదలైంది. రేవు దాటేలోగా ఒక పరీక్ష. పగలు స్కూల్లో దిద్దడం. సాయంత్రం తిరుగు ట్రిప్పులో, బోటు హోప్ టౌన్‌కి దగ్గరవుతుండగా, మార్కులు చదవడం. ఎక్కడ చదవాలి? ఇంజను హోరులో ఎవరికీ వినపడదు. అందుకని మా సారంగు గొప్ప ఉదారంగా, లైఫ్ జాకెట్ల గురించి హెచ్చరించడానికిచ్చిన మైకుని ఆవిడ చేతికిచ్చాడు. ఆ మైకు అందుకుంటే నీళ్ళలో చేపలకి కూడా ఎవరు ఫస్టో తెలిసిపోయేది. ఒడ్డున వలలు బాగుచేసుకునే తండ్రులు సూది ఆపి వినేవాళ్ళు. మంచి మార్కులొచ్చిన పిల్ల తండ్రి బీడీ వెలిగించేవాడు. రాని పిల్ల తండ్రి వల వైపు తిరిగిపోయేవాడు.

లంగ్డీ జెట్టీ ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. పెద్ద పిల్లలు డెక్కు మీద కూర్చుని పరీక్ష రాస్తుంటే చిన్నవాళ్ళకి ఆట తోచలేదు. సారంగు నెల రోజులు జెట్టీకి బోటుని మెత్తగా ఆనించి, పైకి చూసి, ఏమీ వినపడక, చివరికి విసుగొచ్చి మామూలుగా గుద్దడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి.

మొదట ఆ సన్నటి పిల్లకి. పొద్దుటి ట్రిప్పు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, పిల్ల లేచి రెయిలింగు దగ్గరికి పరిగెత్తింది. మర్నాడు మళ్ళీ. ఆ వారంలో ఇంకో ఇద్దరు. పుట్టగానే బొడ్డుతాడు కోసి డోంగీలో పడుకోబెట్టిన పిల్లలు! డోంగీ అంటే మా చేపల వాళ్ళ చిన్న ఇంజను పడవ. తుఫాను హెచ్చరిక జెండా ఎగిరిన రోజున కూడా సమోసాలు తింటూ రేవు దాటిన పిల్లలు. వాళ్ళకి కెరటం లేని నీళ్ళ మీద కడుపులో తిప్పుతోందంటే, బోటు మనుషులమైన మాకు తట్టిన కారణం ఒక్కటే. బోటులోనే ఏదో ఉంది.

ఇంజను డ్రైవరు పొగగొట్టం విప్పి కడిగాడు. సారంగు చుక్కాని గొలుసుకి గ్రీజు పూశాడు. నేను డెక్కు ఫినాయిలుతో ఎంత కడిగానంటే, ఆ వాసనకి మామూలు జనానికి కూడా తిప్పడం మొదలైంది. పిల్లల్ని బోటు నడిమధ్యన కూర్చోబెట్టాం, అక్కడ ఊపు తక్కువ కాబట్టి. నిమ్మకాయ వాసన చూపించాం. దూరంగా కొండ కేసి చూడమన్నాం. సాయంత్రం ట్రిప్పులో ఒక్కరికీ వాంతి లేదని డ్రైవరు కనిపెట్టాడు. "సుబహ్ ఇంజన్ ఠండా రహతా హై, అందుకే వైబ్రేషన్" అని, పొద్దున ఇంజను చల్లగా ఉండటమే కారణమని శాస్త్రవేత్తలా తేల్చేశాడు. మేమంతా తలలూపాం. సైన్సు అంత దగ్గరగా వచ్చి, మా పక్కనే కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల మాత్రం చిక్కిపోతోంది. కాలరు మూల నోట్లో పెట్టుకుని నములుతూ ఉండేది. అడిగితే తలూపడమే, మాట లేదు. తల్లి కట్టిచ్చిన టిఫిను డబ్బా వచ్చినట్టే తిరిగి వెళ్ళేది.

నేను వెళ్ళి తండ్రికి చెప్పాను. చెప్పడం జెట్టీ మీద, నలుగురి ముందు చెప్పాను. "భయ్యా, మీ పాపకి సముద్రం పడటం లేదు. డాక్టరుకి చూపించండి."

ఆయన చేతిలో వల ఆగిపోయింది. పక్కనున్న ఇంకో చేపలాయన పకపకా నవ్వాడు. "ఏటి మావా, నీ గుంటకి సీసిక్కా? అయితే రేపట్నుంచి నీ డోంగీకి బాల్టీ కట్టుకో!"

"నువ్వు నోరు ముయ్యెహె," అన్నాడు తండ్రి. తర్వాత నా వైపు తిరిగాడు. "క్యా బోల్తా భయ్యా నువ్వు? మా తాత సిక్కోలు నుంచి ఈ దీవికొచ్చినప్పుడు ఓడలో అందరూ పడిపోతే, ఆయనొక్కడే కూకుని ఎండుచేప నమిలాడు. నా ఇంట్లో పుట్టినదానికి సముద్రం పడదంటావేటి?"

"నేననడం కాదు భయ్యా, రోజూ కళ్ళారా..."

"చూద్దాం. నేనే చూపిత్తాను నీకు."

అప్పటికి నవ్వుకున్నాను. ఆ మనిషి అన్నమాట చేసి చూపించే రకమని తెలియక.

పరీక్ష ఇంకో వారం ఉందనగా మా బోటు మరమ్మతుకి డాక్‌యార్డుకి వెళ్ళింది. ఆ శనివారం పొద్దుటి ట్రిప్పు లేదు, వేరే బోటు ఆలస్యంగా వస్తుంది. టీచరమ్మకి మాత్రం ముందే వెళ్ళాలి. స్కూల్లో ఆఖరి మోడల్ టెస్టు పెట్టింది, గది తెరిపించాలి. తండ్రి వచ్చి, "నా డోంగీలో దింపేత్తాను మిస్, పాప కూడా వత్తాది," అన్నాడు. నా భుజం పట్టుకుని, "నువ్వు కూడా ఎక్కు భయ్యా. డ్యూటీ లేదు కదా," అన్నాడు. ఆ పట్టు చూస్తే అది ఆహ్వానమో అరెస్టో అర్థం కాలేదు. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించాను. టీచరమ్మ ప్రశ్నపత్రాల సంచిని పాలిథీన్ కవర్లో చుట్టి, లైఫ్ జాకెట్టు లోపల పసిబిడ్డలా పెట్టుకుంది.

డోంగీ బయల్దేరింది. పోర్టుబ్లెయిర్ కుడి వైపు. డోంగీ ముక్కు ఎడమ వైపు తిరిగింది.

"అన్నా, జెట్టీ అటు కదా?" అంది టీచరమ్మ.

"తెల్సు మిస్. థోడా హవా తిని పోదాం."

తూర్పుగాలి రోజులవి. నార్త్ బే లైట్‌హౌసు దాటితే రేవు గోడలాంటి కొండ అడ్డు పోయి, బయటి సముద్రం నేరుగా మీదికొస్తుంది. నాకు విషయం అర్థమైంది. "భయ్యా, వద్దు. వెనక్కి తిప్పు," అన్నాను. ఆయన వినలేదు. ఇంజను చప్పుడు మీదుగా అరిచాడు: "నువ్వేం అన్నావ్ జెట్టీ మీద? నలుగురిలో అన్నావు కదా? ఇప్పుడు కళ్ళతో చూడు!"

మొదటి కెరటం డోంగీని ఎత్తి దింపింది. రెండోది ఎత్తింది, దింపడం మర్చిపోయి విసిరేసింది. టీచరమ్మ బల్ల అంచుని పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మూడో కెరటానికి ప్రార్థన మధ్యలోనే ఆగి, ఆవిడ తల పక్కకి వంచేసింది. లైట్‌హౌసు అవతల నల్లగా వాన తెర కదిలి వస్తోంది. నేను తండ్రికేసి చూశాను. ఆయన కూడా అదే చూస్తున్నాడు. వెనక్కి తిప్పాలని చుక్కాని మీద చెయ్యి వేశాడు, సరిగ్గా అప్పుడు ఇంజను దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

ఇంజను చప్పుడు పోతే సముద్రం ఎంత పెద్దగా మాట్లాడుతుందో అప్పుడు తెలుస్తుంది. డోంగీ పక్కకి తిరగడం మొదలుపెట్టింది. అడ్డంగా తిరిగాక ఒక్క కెరటం చాలు. తండ్రి స్టార్టరు తాడు లాగుతున్నాడు, రాదు. నేను తెడ్డు తీసుకుని ముక్కుని కెరటానికి ఎదురు పెట్టడానికి నా బరువంతా వేస్తున్నాను. నా బరువు తక్కువేమీ కాదు, అయినా సముద్రానికి ఆ సంగతి పట్టలేదు. వాన మీద పడింది. లోపల నీళ్ళు మడమల దాకా వచ్చాయి. నాకు కళ్ళు తిరిగాయి. తమ్ముళ్ళూ, ఇది మీ దగ్గర దాచి ప్రయోజనం లేదు. ఇన్నేళ్ళ సర్వీసున్న లస్కరుని, తెడ్డు వదలకుండానే కడుపులో ఉన్నదంతా వాన నీళ్ళకి అప్పగించాను.

ఆ గోలలో ఒక నవ్వు వినపడింది.

ఆ పిల్ల కోసిన నూనె డబ్బాతో నీళ్ళు తోడి పోస్తోంది. జడలు విడిపోయాయి. వానకి నోరు తెరిచి సగం పన్నుతో నవ్వుతోంది. "మిస్! గట్టిగా పట్టుకోకండి! మోకాళ్ళు వదులుగా పెట్టండి! డోంగీ ఎటు పోతే అటు!" అని అరుస్తోంది. నెలల తరబడి ఆ గొంతు విననివాడిని, ఎవరా అని వెనక్కి చూశాను. "నాన్నా, పెద్దది వత్తోంది, ఒకటి వదిలెయ్, దాని వెనకది చిన్నది, అప్పుడు లాగు!" తండ్రి ఆగాడు. పెద్ద కెరటం కింద నుంచి పోయింది. లాగాడు. ఇంజను అందుకుంది.

ముక్కు రేవు వైపు తిరిగింది. వాన మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. ఇంకా ఊపు తగ్గకముందే పిల్ల తన సంచిలోంచి టిఫిను డబ్బా తీసింది. పూరీలు, బంగాళదుంప కూర. ఒక పూరీ చుట్టి నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకోటి. నేనూ టీచరమ్మా ఆ కూర వాసనకి ఇటొకరు అటొకరు తల వంచేశాం. పిల్ల డబ్బా మూతకంటిన కూర కూడా నాకేసింది.

తండ్రి ఛాతీ చర్చి తలుపంత అయింది. "చూశావా భయ్యా? దేఖా? నా గుంటకి సముద్రం పడదా? నీకే పడదు! జెట్టీ మీద నలుగురిలో చెప్పాల నువ్వీ మాట!"

"చెబుతాను భయ్యా, మైకులో చెబుతాను, నన్ను నేల మీద పెట్టు," అన్నాను.

లైట్‌హౌసు దాటి లోపలికొచ్చాం. కొండ మళ్ళీ గాలికి అడ్డమొచ్చింది. నీళ్ళు ఒక్కసారి అణిగిపోయాయి. డోంగీ ఊపు ఆగి, మా బట్టల్లోంచి నీళ్ళు తిన్నగా కిందికి కారుతున్నాయి. దూరంగా జెట్టీ కనపడింది. టీచరమ్మ మొహం కడుక్కుంది, జుట్టు ముడేసుకుంది. తర్వాత, ఎవరైనా చేసే పనే, జాకెట్టు లోపలి సంచి తీసి, కాగితాలు తడిశాయేమోనని కవరు విప్పి చూసింది.

పిల్ల నవ్వు ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కకి తిరిగి, తిన్నదంతా ఆ కదలని నీళ్ళలో కక్కేసింది. పూర్తయ్యాక కూడా ఆగలేదు. ఏమీ రాకపోయినా ఓకరిస్తూనే ఉంది. నా కాళ్ళు వణికిన క్షణం అదే.

తండ్రి ఇంజను ఆపేశాడు. డోంగీ అంచు మీదుగా వంగి నీళ్ళలోకి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "ఏటయ్యిందమ్మా? ఇక్కడ కెరటమేదీ?" అన్నాడు. ఆ పెద్దమనిషి కెరటం కోసం వెతుకుతున్నాడు. దొరికితే దాంతో ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు.

"కెరటం కాదు నాన్నా," అంది పిల్ల. "మిస్ సంచి తీశారు."

టీచరమ్మ చెయ్యి సంచి మీదే ఉండిపోయింది.

"రోజూ... రోజూ ఇంతేనామ్మా?"

"బోటెక్కకముందు నుంచే మిస్. రాత్రే స్టార్ట్ అవుద్ది."

"మరి నాకు చెప్పలేదేం?"

పిల్ల నా వైపు చూసింది. "అంకుల్ వాళ్ళంతా సీసిక్ అన్నారు కదా. అదే అనుకున్నా."

నేను చుక్కాని గొలుసులూ నిమ్మకాయలూ గుర్తొచ్చి తల దించుకున్నాను. తండ్రి గొంతు తగ్గించి అడిగాడు: "మార్కులు తగ్గితే నేనెప్పుడైనా కొట్టానేటి? ఒక్క మాట అన్నానా?"

"అన్లేదు. మైకులో విని వల వైపు తిరిగిపోతావు. అంతే."

డోంగీ నీళ్ళ మీద తనకి తోచినట్టు తిరుగుతోంది. టీచరమ్మ అంది: "ఇందాక అక్కడ ప్రాణం పోతుందనుకున్నాను. ఈ పిల్లకి రోజూ..." సంచిని జాకెట్టులోకి తిరిగి తోసేసి, జిప్పు పైదాకా లాగేసింది. "నేను ఇవాళ టెస్టు పెట్టలేను అన్నా. నిలబడలేను. మా క్లాసు పిల్లలకి రావద్దని చెప్పి నన్నింటికి తీసుకెళ్ళండి."

తర్వాత అంతా ఒక్కసారిగా బాగుపడిపోయిందని రాస్తే అందంగా ఉంటుంది గానీ, నేను కెరటాల విషయంలోనే అబద్ధాలాడతాను. పిల్లని ఆస్పత్రిలో మాట్లాడించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ మందు రాయలేదు, చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడించింది. నెమ్మదిగా తగ్గుతుంది, బలవంతపెట్టకండి అంది. బోటు డాక్‌యార్డు నుంచి రాగానే సారంగు మైకుని తన క్యాబిన్లో మేకుకి తగిలించి, దాని మీద టోపీ పెట్టేశాడు. టీచరమ్మ క్లాసు మానలేదు. రేవు మధ్యలో తేలే ఎర్ర బోయా దాకానే చెబుతుంది, బోయా దాటాక పుస్తకాలు మూత. అప్పుడిక పైడెక్కు మీద మళ్ళీ అడుగుల మోత. కొన్నాళ్ళకి ఆవిడే ఒప్పుకుంది: "పొద్దంతా చెప్పినా ఎక్కనిది ఆ బోయా లోపల ఎక్కేస్తోందండి. వీళ్ళకేమైందో!" హాస్టల్ స్కూల్లో ఎవరికి సీటొచ్చిందో మాత్రం చెప్పను. చెబితే మీరు కూడా మార్కులు లెక్కేస్తారు.

ఆ సన్నటి పిల్ల ఇప్పుడు ఇక్కడే హైస్కూల్లో చదువుతోంది, బాగుంది. విపరీతంగా వాగుతుంది. ఈ తెలుగు కూడబలుక్కుని చదవడం తనకి రాదు కాబట్టి, నేను కెరటాల ఎత్తు పెంచిన సంగతి పట్టుబడదు.

ఇక ప్రవేశ పరీక్ష రోజు. నాకది డోంగీ రోజు కంటే గట్టిగా గుర్తుంది.

తండ్రి ఆ పొద్దున వేటకి పోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూతురితో పాటు బోటెక్కాడు. తల్లి జెట్టీ మీద నిలబడి, "ఇన్నాళ్ళు చదివింది, ఒక్క పూట కూకుని రాసేత్తే అయిపోద్ది కదా," అని వచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. బోయా దాటాం. పిల్ల మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నేను బాల్టీ తీసుకొస్తే తండ్రి నా చేతిలోంచి లాక్కుని, తన మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పిల్ల నుదురు పట్టుకున్నాడు. "కానీయ్ తల్లీ. పర్లేదు. కానీయ్."

పోర్టుబ్లెయిర్ జెట్టీ వచ్చింది. తాడు కట్టాను. టీచరమ్మ జెట్టీ మీద నిలబడి దిగిన పిల్లల్ని లెక్కపెడుతోంది. అందరూ దిగారు. ఒక్క పిల్ల బల్ల అంచు పట్టుకుని కూర్చునే ఉంది. వేళ్ళ కణుపులు తెల్లగా ఉన్నాయి. పరీక్ష సెంటరు గేటు మూసే టైమవుతోంది. తిరుగు ట్రిప్పుకి ఎక్కాల్సిన జనం గొలుసు అవతల గొణుగుతున్నారు. ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు: "ఎత్తుకుని దించేయండయ్యా. హాల్లో కూచోబెడితే అదే రాసేస్తుంది."

"హాత్ మత్ లగావో. ఎవరూ ముట్టుకోకండి," అన్నాడు తండ్రి. పిల్ల ముందు కింద కూర్చున్నాడు. "దిగుతావా, ఇదే బోటులో ఎనక్కి పోదామా? నువ్వేదంటే అది."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. అంత శ్రద్ధగా ఎవరూ దేన్నీ చదవడం నేను చూడలేదు. తండ్రి కళ్ళు పక్కకి పోబోయాయి, పోనివ్వలేదు. అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"ఎనక్కి పోదాం నాన్నా."

ఆయన ఇస్త్రీ చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. "సరే. ఛలో, పోదాం," అన్నాడు.

సారంగు క్యాబిన్లోంచి తల బయటపెట్టి నా కేసి చూశాడు. నేను టీచరమ్మ కేసి చూశాను. ఆ ఏడంతా ఆ పిల్ల మీదే ఆశ పెట్టుకున్న మనిషి. ఇంకా చెయ్యి సగం చాపి, దిగితే అందుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆ చెయ్యి కిందికి దించింది. జనం ఎక్కడం అయ్యేదాకా ఆగింది. తర్వాత, పరీక్షకి టైమైపోతోందని పిల్లలు చీర లాగుతున్నా, వంగి, దిమ్మకున్న తాడు ముడిని రెండు చేతులతో ఎత్తి నా వైపు విసిరింది.

సగం తాడు నీళ్ళలో పడింది. నా సర్వీసంతటిలో అంత అధ్వాన్నంగా తాడు విసిరిన మనిషిని చూడలేదు. తడి తాడుని గబగబా లాక్కుని సారంగుకి చెయ్యి ఊపాను.

బోయా రాకముందే ఆ పిల్ల తండ్రి ఒళ్ళో పడి నిద్రపోయింది. నోరు తెరుచుకుని గురక పెట్టింది. ఆ గురకకి మా ఇంజను సిగ్గుపడి చప్పుడు తగ్గించుకుందని నేను ప్రమాణం చేసి చెబుతాను. తండ్రికి కాలు తిమ్మిరెక్కింది, మొహంలో తెలుస్తూనే ఉంది. హోప్ టౌన్ వచ్చి, జనమంతా దిగిపోయి, తిరిగి వెళ్ళాల్సినవాళ్ళు ఎక్కుతున్నా ఆయన ఆ కాలు కదపలేదు. నేనూ లేపలేదు.